చదివేది కొత్త మనిషి అనుకొని రాయాలి

1844లో మద్రాసు సైన్యంలో పనిచేస్తున్న కెప్టెన్ థామస్ జాన్ న్యూబోల్డ్ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కొద్ది పేజీల నోటు ఒకటి అచ్చువేయించాడు. అది బనగానపల్లెకు వాయవ్యాన, బేతంచెర్ల దగ్గరున్న సున్నపురాతి గుహల గురించి. ఇప్పుడు బిల్వస్వర్గం గుహలంటున్న వాటిని ఆనాటి రాతల్లో బిల్లసుర్గం అన్నారు. గుహల అడుగున పేరుకున్న మట్టిలో జంతువుల ఎముకలున్నాయన్నది ఆ నోటు సారాంశం. అందులో ముందుగా చూడవలసింది శీర్షికే. గుహల పేరు పక్కనే అక్షాంశం 15 డిగ్రీల 25 నిమిషాలు, రేఖాంశం 78 డిగ్రీల 15 నిమిషాలు అని వేశాడు.

న్యూబోల్డ్ 1850లో చనిపోయాడు. నోటు మాత్రం మిగిలింది. అది అచ్చయిన దాదాపు 40 ఏళ్ల తర్వాత లండన్‌లోని జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఆ గుహల్ని తవ్వించమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌ను కోరాడు. ఆ పని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉన్న రాబర్ట్ బ్రూస్ ఫుట్ చేతికొచ్చింది. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించినవాడు ఆయనే. ఫుట్ 1884లో గుహల దగ్గరికి వచ్చాడు. తర్వాత ఆయన కొడుకు, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ, తవ్వకాలు కొనసాగించాడు. తండ్రీ కొడుకులు ఒక్కో గుహకు ఒక్కో పేరు పెట్టారు, ఏ వస్తువు ఏ గుహలో ఎంత లోతున దొరికిందో రాసిపెట్టారు. ఆ ఎముకలు ఏయే జంతువులవో రిచర్డ్ లైడెకర్ 1886లో వివరించాడు.

కాలక్రమంలో ఫుట్‌కు దొరికిన ఎముక పనిముట్లు కనిపించకుండా పోయాయి. రాతలు మిగిలాయి. 1970లలో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి ఇదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవి అనే గుహను తవ్వారు. 2000 తర్వాత రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా, మైఖేల్ హాస్లమ్ తదితరులు మళ్లీ బిల్వస్వర్గానికి వచ్చి ఫుట్ రాతల్ని పక్కన పెట్టుకొని పొరల్ని పరిశీలించారు. 2010లో వాళ్లు అచ్చువేసిన వ్యాసానికి ఫుట్ అడుగుజాడల్లో అన్న పేరే పెట్టారు. 1844 నాటి ఆ కొద్ది పేజీల మీద 166 ఏళ్లపాటు పని కొనసాగిందన్నమాట.

ఇంట్లో రాసుకునే డైరీకి, పొలం పద్దుకు, ఆసుపత్రి వివరాల పుస్తకానికి అంత ఆయుష్షు అక్కర్లేదు. పదేళ్లు పనికొస్తే చాలు. ఆ పదేళ్లు నిలబెట్టే సూత్రం మాత్రం అదే. రాసిన మనిషి పక్కన లేకపోయినా చదివినవాళ్లకు పని జరగాలి.

రాసినవాళ్లే కొత్తవాళ్లవుతారు

సొంతానికి రాసుకునేటప్పుడు చాలామంది సగమే రాస్తారు. మిగతా సగం తలలో ఉందన్న ధైర్యం. బోరు వేయించిన రోజు లోతు ఇంటిల్లిపాదికీ నోటికొస్తుంది. ఎనిమిదేళ్ల తర్వాత మోటారు కాలిపోయినప్పుడు ఎన్ని పైపులు దింపారో, కేసింగ్ ఎంతవరకు ఉందో, మొదటి నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర తగిలాయో తలా ఒక అంకె చెబుతారు. పుస్తకం తెరిస్తే అందులో ‘బోరు బాగా పడింది’ అని మాత్రమే ఉంటుంది.

జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ జ్ఞాపకశక్తి గురించి తన మీదే చేసుకున్న ప్రయోగాల ఫలితాలను 1885లో పుస్తకంగా తెచ్చాడు. అర్థంలేని అక్షరాల జట్లను కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరుపు వస్తుందో లెక్కగట్టాడు. మరుపు మొదటి గంటల్లోనే అతి వేగంగా సాగుతుందనీ, ఆ తర్వాత నెమ్మదిస్తుందనీ ఆయనకు తేలింది. రాత్రి పడుకునేలోపు రాసే నాలుగు వాక్యాలకూ, ఆదివారం తీరిగ్గా గుర్తుచేసుకొని రాసే రెండు పేజీలకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. పెద్దగా రాయనక్కర్లేదు, జరిగిన రోజే రాయాలి.

రాసేటప్పుడు ఒక కొత్త మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు ఊహించుకుంటే రాత దానంతటదే మారుతుంది. ఆ మనిషికి ఊరు తెలియదు, పొలం తెలియదు, రాసినరోజు జరిగిన గొడవ తెలియదు. ‘పెద్దాయన చెప్పినట్టు చేశాం’ అని రాస్తే ఏ పెద్దాయన, ఏం చెప్పాడు అని అడుగుతాడు. పదేళ్ల తర్వాత రాసిన మనిషి కూడా సరిగ్గా ఆ ప్రశ్నలే అడుగుతాడు.

ఏనుగుల వీరాస్వామయ్య దీనికి చక్కని ఉదాహరణ. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిలో కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా వెళ్లాడు. చూసిందంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపాడు. మజిలీకి మజిలీకి దూరమెంత, దారి ఇసుకదా రాళ్లదా, నీటి వసతి ఉందా, సరుకులు అమ్మే అంగళ్లున్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా, శ్రీశైలం యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు వసూలు చేసే పన్ను సంగతేమిటి, అన్నీ అందులో ఉన్నాయి. దారి ఎరగని స్నేహితుడికి అర్థం కావాలని రాశాడు కాబట్టే అవన్నీ వచ్చాయి. తనకోసమే రాసుకొని ఉంటే వాటిలో సగం వదిలేసేవాడు. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశాడు. 1838లో శ్రీనివాస పిళ్లె ఆ రాతల్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. ఆనాటి రోడ్ల గురించి, ఊళ్ల గురించి తెలుసుకోవాలనుకునే చరిత్రకారులు ఇప్పటికీ ఆ పుస్తకం తెరుస్తారు.

తేదీ తప్పితే రాత తప్పుతుంది

వీరాస్వామయ్య బయలుదేరింది వికృతి నామ సంవత్సరంలో. పుస్తకంలో ‘వికృతి’ అని మాత్రమే ఉంటే అది 1830 కావచ్చు, 1890 కావచ్చు, 1950 కావచ్చు, 2010 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి పేరు తిరిగి వస్తుంది. పెద్దల కాలం నాటి పుస్తకాలు ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. పాత భూమి కాగితాల్లో ఫసలీ అంకెలుంటాయి. రెవెన్యూ లెక్కల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఏ ఆంగ్ల సంవత్సరం జూలైలో అది మొదలైందో తెలుస్తుంది. ఫసలీ 1400 అంటే 1990 జూలై నుంచి 1991 జూన్ వరకు. ఈ లెక్కను నోటు పుస్తకం అట్ట లోపల రాసుకుంటే పాత దస్తావేజు చూసిన ప్రతిసారీ తడుముకోనక్కర్లేదు.

రైతుల రాతల్లో కార్తెలుంటాయి. అవి సూర్యుడి గమనాన్నిబట్టి వస్తాయి కాబట్టి తేదీలు పెద్దగా మారవు. మృగశిర కార్తె ఏటా జూన్ 7, 8 తేదీల ప్రాంతంలోనే మొదలవుతుంది. అందుకే ‘మృగశిరలో మొదటి పదును’ అని రాస్తే పదేళ్ల తర్వాత కూడా పోల్చిచూడవచ్చు. ‘ఉగాది అయిన వారానికి’ అని రాస్తే అలా కుదరదు. చాంద్రమానం ప్రకారం వచ్చే ఉగాది మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా అటూ ఇటూ జరుగుతుంది. కార్తెనూ పండగనూ మానుకోనక్కర్లేదు, పక్కన తేదీ, నెల, నాలుగంకెల సంవత్సరం చేరిస్తే చాలు.

కొలతలదీ అదే దారి. ‘రెండు మూటలు’ అంటే ఎన్ని కిలోల మూట? ‘నాలుగు బండ్లు’ అంటే ట్రాక్టరా, ఎద్దులబండా? నాపరాళ్ల వ్యాపారంలో చదరపు అడుగుల లెక్క వేరు, లోడు లెక్క వేరు. అంకె పక్కన కొలమానం లేకపోతే ఆ అంకెతో ఎవరికీ పనిలేదు.

పక్కన ఏముందో కూడా రాయాలి

బనగానపల్లె మండలంలోనే జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. అక్కడి నేలలో తెల్లటి బూడిద పొరలున్నాయి. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేసియాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చిన బూడిద అది. పెట్రాగ్లియా, కొరిశెట్టర్ బృందం ఇక్కడి పరిశోధన ఫలితాలను 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. బూడిద పొరకు కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికాయి. రెండింటికీ పోలికలున్నాయి కాబట్టి అంతటి ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి ఉంటారని వాళ్లు వాదించారు.

ఆ వాదనంతా నిలబడింది ఒక్క వివరం మీద. రాయి పొరకు పైన దొరికిందా, కింద దొరికిందా? ఆ సంగతి రాయకుండా రాళ్లన్నీ ఒకే సంచిలో పోసి ఉంటే అవి ఉత్త రాళ్లుగానే మిగిలేవి.

సొంత నోట్లలో ఎక్కువగా జారిపోయేది ఈ వివరమే. ‘ఈ మాత్ర పడలేదు’ అని రాస్తారు. ఎంత మోతాదు, భోజనానికి ముందా తర్వాతా, అప్పటికే వేరే మందేమైనా వాడుతున్నారా, ఎంతసేపటికి ఏమైంది అన్నవి రాయరు. డాక్టరుకు కావలసింది అవే. ‘ఈ విత్తనం వద్దు’ అని రాస్తారు. ఆ ఏడాది వాన ఎప్పుడు పడింది, ఏ చేలో వేశారు, పక్క చేలో అదే విత్తనం ఎలా పండింది అన్నది రాస్తేనే తప్పు విత్తనానిదో వానదో తేలుతుంది. నిర్ణయం రాసుకునేటప్పుడు కారణం కూడా రాసుకోవాలి. కారణం పోయిన తర్వాత నిర్ణయాన్ని మార్చుకోవాలో వద్దో తేల్చుకోవడం ఎవరివల్లా కాదు.

ఎవరు చెప్పారన్నదీ రాయాలి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలిన దత్తమండలాల్లో, కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించారు. ఈ పనికి మొదట బాట వేసిన కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. చాలా కైఫీయత్తుల్లో ఊరి పేరుతోపాటు, వివరాలు చెప్పిన కరణం పేరు కూడా ఉంటుంది. దానివల్ల ఏ మాటకు ఎంత విలువ ఇవ్వాలో చదివేవారికి తెలుస్తుంది. ఇంటి పుస్తకంలో కూడా కళ్లారా చూసినదానికి ఒక గుర్తు, విన్నదానికి ఒక గుర్తు, ఊహించినదానికి ఒక గుర్తు పెట్టుకోవచ్చు. ‘చూ’, ‘వి’, ‘ఊ’ అని వరస మొదట్లో ఒక్క అక్షరం చాలు.

ఒక తోట, ఒక పేజీ

2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ మామిడి తోట ఉన్న రైతు పుస్తకం ఎలా ఉండాలో చూస్తే పైన చెప్పుకున్నవన్నీ ఒకచోటికి వస్తాయి.

‘పూత బాగుంది. మందు కొట్టినాం. పురుగు తగ్గింది.’ ఇది సాధారణంగా కనిపించే రాత. వచ్చే ఏడాది దీనితో ఏ పనీ జరగదు.

అదే సంగతిని ఇలా రాయవచ్చు: తేదీ, తోటలో ఏ వరస చెట్లు, పూత ఎంతవరకు వచ్చింది, మొగ్గ దశా విచ్చుకున్న పూవా, ఆకు వెనక తేనెమంచు పురుగు కనిపించిందా, కాడల మీద బూడిద తెగులు ఉందా, కొట్టిన మందు డబ్బా మీది పూర్తి పేరు, లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని ట్యాంకులు పట్టింది, పొద్దున కొట్టారా సాయంత్రమా, తర్వాత వాన పడిందా. వారం తర్వాత అదే వరస దగ్గరికి వెళ్లి చూసి ఫలితం ఆ పేజీలోనే కింద రాయాలి. అందుకోసం రాసేటప్పుడే నాలుగు వరసలు ఖాళీ వదలాలి.

ఈ ఖాళీ చాలా ముఖ్యం. చేసిన పని ఒక పేజీలో, దాని ఫలితం ఇంకో పేజీలో ఉంటే రెండూ ఎప్పటికీ కలవవు. కోత అయ్యాక దిగుబడి, గ్రేడు, అమ్మిన తేదీ, వచ్చిన ధర కూడా ఆ తోట పేజీల్లోనే చేరాలి. మూడు నాలుగు సీజన్లు గడిచేసరికి ఏ వరస చెట్లు ఆలస్యంగా పూస్తాయో, ఏ నెలలో నీళ్లు పెడితే పిందె నిలిచిందో ఆ పుస్తకమే చెబుతుంది. వ్యవసాయ శాస్త్రవేత్త తోటకు వచ్చినప్పుడు మాటలు చెప్పే రైతుకన్నా ఈ పేజీలు చూపించే రైతుకు మంచి సలహా దొరుకుతుంది.

వెతికితే దొరకాలి

ఫుట్ తన జీవితకాలంలో నాలుగు వందలకు పైగా చోట్ల పురావస్తువులు సేకరించాడు. 1904లో మద్రాసు మ్యూజియం ఆ సేకరణను కొన్నది. ఏ వస్తువు ఏ చోటిదో వరస నంబర్లతో ఆయన తయారుచేసిన జాబితా, వివరాల పుస్తకం, 1912లో ఆయన మరణించిన తర్వాత 1914, 1916లలో అచ్చయ్యాయి. నంబరు లేకపోతే అన్ని వేల రాళ్లలో ఒక్కదాని చరిత్ర కూడా చెప్పలేం.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 చీటీలు రాశాడు. ఒక్కో చీటీకి ఒక నంబరు వేశాడు. ఒక చీటీలోని ఆలోచన ఇంకో చీటీకి సంబంధించిందైతే దాని నంబరు ఇక్కడ రాశాడు. చెక్కపెట్టెల్లో ఉన్న ఆ చీటీల సాయంతోనే పదుల కొద్దీ పుస్తకాలు రాయగలిగాడు.

ఇంటి అవసరానికి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. మూడు పనులు చాలు. పుస్తకం కొన్న రోజే పేజీలకు నంబర్లు వేయాలి. మొదటి నాలుగు పేజీలు విషయసూచికకు వదలాలి. ఒక సంగతి రాయగానే సూచికలో ఒక మాట, పక్కన పేజీ నంబరు వేయాలి: ‘బోరు - 14’, ‘అమ్మ బీపీ మందులు - 22, 31’, ‘కరెంటు మీటరు మార్పు - 27’. సూచికలో వాడే మాటలు రేపు వెతికేటప్పుడు నోటికొచ్చే మాటలై ఉండాలి. ఇంట్లో అందరూ ‘మీటరు’ అంటుంటే సూచికలో ‘విద్యుత్ సంబంధిత విషయాలు’ అని రాస్తే ఎవరికీ దొరకదు.

ఫోనులో రాసుకునేవారికి వెతకడం తేలికే, కానీ అక్కడ చెదిరిపోవడం ఎక్కువ. కొంత వాట్సాప్‌లో తమకు తాము పంపుకున్న సందేశంగా, కొంత ఫోటోగా, కొంత వాయిస్ రికార్డుగా మిగులుతుంది. రోజంతా ఎక్కడ రాసుకున్నా ఫర్వాలేదు, రాత్రికి అన్నీ ఒకే చోటికి చేరాలి. ఫోటో తీసిపెట్టుకుంటే దాని కింద అదేమిటో ఒక వాక్యం రాయాలి. వాక్యం లేని ఫోటో వేల ఫోటోల్లో కలిసిపోతుంది.

తిరగరాయకపోతే చెరిగిపోతుంది

బనగానపల్లె ప్రాంతంలో రాతకు పాత గౌరవం ఉంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో తాళపత్రాల మీద కాలజ్ఞానం రాశారని ఇక్కడివాళ్ల నమ్మకం. తాళపత్రాన్ని పురుగు తింటుంది, అది ఎండి పెళుసుబారి విరుగుతుంది. తరతరాలుగా ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదికి ఎక్కిస్తూ వచ్చారు కాబట్టే ఎన్నో పాత గ్రంథాలు మనదాకా వచ్చాయి.

1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకొని ప్రతులు సేకరించాడు, పోల్పించాడు, తిరగరాయించాడు. మెకంజీ సేకరించిన తెలుగు కాగితాలు శిథిలమవుతుంటే వాటికీ కొత్త ప్రతులు చేయించాడు. కడప జిల్లా కైఫీయత్తులను మన కాలంలో కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేయగలిగిందంటే, మధ్యలో తిరగరాసిన ఆ చేతులే కారణం.

ఈనాటి కాగితాలకూ ఆ ప్రమాదం ఉంది. ఏటీఎం చీటీ, పెట్రోలు బంకు రసీదు, కొన్ని దుకాణాల బిల్లులు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. వాటిమీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. వారంటీ ఉన్న వస్తువు బిల్లు అలాంటిదైతే తెచ్చిన రోజే జిరాక్స్ తీయాలి, బిల్లు నంబరు, తేదీ పుస్తకంలోకి ఎక్కించాలి. ఫోనులో ఉన్నవాటికి ఇంకోచోట కూడా ప్రతి ఉండాలి. ఏ కంపెనీ యాప్‌లో రాసుకున్నా, అందులోంచి మామూలు టెక్స్ట్ ఫైలుగానో పీడీఎఫ్‌గానో బయటికి తీసుకునే వీలుందో లేదో ముందే చూసుకోవాలి.

ఏడాదికోసారి, పంట పనులు తగ్గిన రోజుల్లోనో పిల్లల సెలవుల్లోనో, పుస్తకం మొదటి నుంచి చదవాలి. ఇంకా అవసరమున్నవాటిని కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి. అన్నీ ఎక్కించనక్కర్లేదు. ఎక్కించేటప్పుడే ఏది నిలిచింది, ఏది తప్పని తేలిందో తెలుస్తుంది. తప్పని తేలినదాన్ని చెరిపేయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనదాన్నీ, దిద్దిన తేదీనీ రాయాలి. పాత అంకె ఎందుకు మారిందన్నది కూడా ఒక సమాచారమే.

ఈ పుస్తకంలో చేర్చకూడనివి కొన్ని ఉన్నాయి. బ్యాంకు పిన్, పాస్‌వర్డ్, ఓటీపీ లాంటివి అందులో రాయకూడదు. ఇతరుల ఇంటి రహస్యాలూ వద్దు. నలుగురి చేతుల్లో తిరగగలిగితేనే ఈ పుస్తకం ఇంటికి పనికొస్తుంది.

మొదటి నెల

మొదటి వారం రోజుకు ఒక్క సంగతే రాయాలి. బోరు, మోటారు, గ్యాస్ కనెక్షన్, పాస్‌బుక్, ఇంట్లో పెద్దల మందులు, ఇంటి పన్ను రసీదు ఇలా ఇంట్లో తరచు వెతికేవాటితో మొదలుపెడితే ఫలితం వెంటనే కనిపిస్తుంది. రెండో వారం నుంచి రోజువారీ పనులు చేర్చవచ్చు. మూడో వారానికి సూచిక నిండటం మొదలవుతుంది.

నెల చివర ఒక పరీక్ష పెట్టాలి. పుస్తకం రాయని మనిషి చేతికి, భార్యకో భర్తకో, పదో తరగతి చదువుతున్న అమ్మాయికో ఇచ్చి ఐదు ప్రశ్నలు అడగాలి. మోటారు ఎన్ని హార్స్‌పవర్‌ది? చివరిసారి రిపేరు ఎప్పుడు చేశారు, ఏం మార్చారు? నాన్న షుగరు మాత్ర మోతాదు ఎప్పుడు పెంచారు, ఎందుకు? నోరు విప్పకుండా పక్కన కూర్చోవాలి. చదివేవారు ఎక్కడ ఆగిపోయారో, ఏ మాట దగ్గర తలెత్తి చూశారో ఆ పేజీ మూలన గుర్తు పెట్టుకొని, లేని వివరాన్ని ఆ రాత్రే చేర్చాలి.

రెండో నెల ఇదే పరీక్ష మరో ఐదు ప్రశ్నలతో, వీలైతే ఇంకొకరి చేతికిచ్చి పెట్టాలి.